ఇంట్లో కడుతున్న హాట్ రాడ్: డ్రాప్ ఆర్మ్ వెల్డింగ్ చేయించాను, ఒకసారి చూసి చెప్పండి

చీపురుపల్లి_చిన్నోడు | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే గాని రాసింది లేదు. మా రైసు మిల్లు వెనక షెడ్డులో ఒక బండి కడుతున్నాను. టాపు లేని రెండు సీట్ల హాట్ రాడ్. ముందు చక్రాలు, ఇరుసు మొత్తం బయటికి కనబడతాయి, 1932 ఫోర్డు వాటం అన్నమాట. చాసిస్ నేనే 100 బై 50 పైపుతో వేశాను. ఇంజను అంబాసిడర్‌కి వచ్చిన ఇసుజు 1817 సీసీ, గేరుబాక్సూ దానిదే. ముందు ఇరుసు, కమాన్లు (ఆకు స్ప్రింగులు), స్టీరింగ్ బాక్సు మూడూ ఒకే పాత మినీ లారీవి. తూకానికి కొన్నాను.

ఇంతకీ విషయం ఏంటంటే, ఇలాంటి బండిలో డ్రైవరు సీటు బాగా వెనక ఉంటుంది. అందుకని స్టీరింగ్ బాక్సుని ఇరుసుకి వెనకవైపు తెచ్చి బిగించాను. అక్కడ పెట్టాక డ్రాగ్ లింకు (చక్రాన్ని తిప్పే పొడుగు కడ్డీ) చాసిస్‌కి రాసుకుంటోంది, బాక్సు నుంచి దాన్ని ఊపే డ్రాప్ ఆర్మ్ పొట్టిదైపోయింది. ఆర్మ్‌ని మధ్యలో కోయించి 40 ఎంఎం ముక్క వేయించి అతికించాను. వైసులో బిగించి 5 కేజీల సుత్తితో పది దెబ్బలు కొట్టాను, చెక్కుచెదరలేదు. ఫొటోలు పెట్టాను చూడండి. రంగు వేసేయమంటారా?

కోట_జంక్షన్ | ఆదివారం రాత్రి 9:52

కేక బ్రదర్. వెల్డింగు చేప పొలుసుల్లా వరసగా వచ్చింది. నల్ల రంగు కొట్టు, అదిరిపోద్ది.

సాలూరు_లారీ | ఆదివారం రాత్రి 10:15

రంగెయ్యకు బాబూ. రంగేస్తే పగులు కనబడదు.

సుత్తితో కొడితే ఇరగనేదని సంబరపడిపోతన్నావు. స్టీరింగు మీద సుత్తి దెబ్బలు పడవురా నాయనా. అటూ ఇటూ, అటూ ఇటూ, రోజుకి కొన్ని వేలసార్లు చిన్న చిన్న వంపులు పడతాయి. బైండింగ్ వైరుని ఒక్కసారి లాగితే తెగదు. అటూ ఇటూ పదిసార్లు వంచు, ఏటవుతాదో చూడు. ఇనుముకీ అలుపుంటాది.

నా కత చెప్తాను ఇను. పదిహేనేళ్ల కిందట మాట, అప్పుడు నాకో బండుండేది. డ్రాప్ ఆర్మ్ వంకర తిరిగిపోతే ఒక షెడ్డోడు వేడిపెట్టి సాపు చేసి, పగిలిన కాడ రాడ్డుతో అతికేసి ఇచ్చాడు. ఊరూ పేరూ ఎందుకులే, ఆడిప్పుడు ఆ పని మానీసాడు. నాలుగు నెలలు బానే నడిసింది. ఒకనాడు కోరాపుట్‌లో సరుకు దించీసి ఖాళీ బండితో వస్తన్నాను. కోనవలస ఘాట్లో దిగుతా రెండో గేరులో ఉన్నాను. స్టీరింగు ఒక్కసారి ఏలితో తిప్పినా తిరిగిపోతన్నాది. చక్రాలు మాత్రం ఆటి దారి ఆటిదే. నా అదృష్టం కొద్దీ కొండ వైపుకి పోయింది. లోయ వైపుకి పోతే ఈ పోస్టు ఎవుడు రాస్తాడు?

బ్రేకు ఫెయిలైతే గేరుంది, హ్యాండ్ బ్రేకుంది, ఇసక గుట్టుంది. స్టీరింగు పోతే ఏటీ నేదు. ఆర్మ్ తీసి పక్కన పెట్టీ.

చీపురుపల్లి_చిన్నోడు | ఆదివారం రాత్రి 10:31

మావా, మీరు చెప్పింది అర్థమైంది. కానీ ఇది పది టన్నుల లారీ కాదు కదా, మొత్తం కలిపి 900 కేజీలు దాటదు. పైగా అమెరికాలో హాట్ రాడ్లు కట్టేవాళ్లందరూ కోసి అతికించేవాళ్లే కదా. అసలు ఆ ఆటే కోసి అతికించే ఆట.

ఓహాయో_బొబ్బిలి | సోమవారం ఉదయం 6:20

తమ్ముడూ, నేను పుట్టింది బొబ్బిలి, ఉండేది ఓహాయో. పదేళ్లుగా ఇక్కడ స్ట్రీట్ రాడ్ మేళాలకి తిరుగుతున్నాను. నీ మాట సగం నిజం.

ఈ పిచ్చి మొదలైంది దక్షిణ కాలిఫోర్నియాలో, 1930ల్లో. ఎండిపోయిన సరస్సుల అడుగున, మ్యూరాక్ లాంటి చోట్ల, పాత ఫోర్డులకి మడ్‌గార్డులు పీకేసి ఎంత వేగం పోతాయో చూసుకునేవారు. పందేలకి ఒక పద్ధతి పెడదామని 1937లో ఎస్‌సీటీఏ అనే సంఘం కూడా పెట్టుకున్నారు. అప్పట్లో చేతికి దొరికినదల్లా కోశారు, అతికారు. స్టీరింగు విరిగి పోయినవాళ్ల ఫొటోలు పత్రికల కవర్ల మీద వేయరు కాబట్టి మనకి కనబడవు, అంతే.

ఇప్పుడు ఇక్కడ కాస్త తెలిసినవాడెవడూ డ్రాప్ ఆర్మ్ కోయడు. ఏ పొడవు కావాలంటే ఆ పొడవు ఫోర్జింగ్ ఆర్మ్ కొనుక్కుంటాడు, లేదా బాక్సు చోటు మారుస్తాడు. నేషనల్ స్ట్రీట్ రాడ్ అసోసియేషన్ మేళాల్లో 23 అంశాల సేఫ్టీ తనిఖీ ఉంటుంది. వాళ్లు ముందు దూరేది బండి కిందకే.

అయితే నీ ఫొటోల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది వెల్డింగు కాదు. మూడో ఫొటో చూడు. కమాను ముందు కన్ను చాసిస్‌కి పిన్నుతో బిగించి ఉంది, వెనక కన్నుకి షాకిల్ (కమాను సాగడానికి ఊగే లింకు) ఉంది. బాక్సేమో ఇరుసు వెనక. ఆ మినీ లారీలో బాక్సు ఎక్కడ ఉండేది? కొలతలు పెట్టగలవా: ముందు కన్ను నుంచి ఇరుసు కూర్చునే సెంటర్ బోల్టుకి ఎంత, డ్రాగ్ లింకు ఎంత, చక్రం దగ్గరి స్టీరింగ్ ఆర్మ్ ఎంత?

చీపురుపల్లి_చిన్నోడు | సోమవారం మధ్యాహ్నం 1:05

అన్నా, లారీలో బాక్సు ఇరుసుకి ముందు, బంపరు వెనకాలే ఉండేది. కొలతలు: కన్ను నుంచి సెంటర్ బోల్టు 450 ఎంఎం. డ్రాగ్ లింకు 600. స్టీరింగ్ ఆర్మ్ 150.

సిక్కోలు_లేత్_బాబాయ్ | సోమవారం రాత్రి 8:48

బొబ్బిలి బాబు సరిగ్గా పట్టాడు. ఆ కొలతలు చూశాక మధ్యాహ్నం నుంచీ నా చెయ్యి ఊరుకోలేదు. షాపు కట్టేసి కాగితం మీద లెక్క వేశాను.

ఇలా ఊహించుకో. ఒక గుమ్మానికి రెండు తలుపులు. ఎడమ తలుపు బందులు ఎడమవైపు, కుడి తలుపు బందులు కుడివైపు. ఆ రెండు తలుపుల అంచులకీ కలిపి ఒకే పలక మేకులు కొట్టావనుకో. తలుపులు తోస్తే పలక ఏమవుతుంది? మెలి తిరుగుతుంది, లేదా మేకులు ఊడతాయి. నీ బండిలో ఒక తలుపు ఇరుసు, దాని బందు కమాను ముందు కన్ను. రెండో తలుపు డ్రాగ్ లింకు, దాని బందు వెనకనున్న డ్రాప్ ఆర్మ్. ఆ పలకే నీ స్టీరింగ్ ఆర్మ్.

అంకెల్లో చూడు. ఆకు కమాను గట్టి కడ్డీలా తిరగదు, వంగుతుంది. అందుకని కన్ను నుంచి సెంటర్ బోల్టు దాకా ఉన్న పొడవులో ముప్పావు వంతు వ్యాసార్ధంతో తిరుగుతుందని లెక్క. 450లో ముప్పావు అంటే 338. గోతిలో పడి చక్రం 50 ఎంఎం పైకి లేచిందనుకో. ఇరుసు ముందు కన్ను వైపుకి, అంటే ముందుకి, 3.7 ఎంఎం జరుగుతుంది. అదే సమయంలో 600 పొడవున్న డ్రాగ్ లింకు కొస వెనక్కి 2.1 ఎంఎం రావాలి. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. తేడా 5.8 ఎంఎం. 150 ఆర్మ్ మీద 5.8 అంటే 2.2 డిగ్రీలు. నువ్వు స్టీరింగు బిగబట్టుకుని కూర్చున్నా గోతి గోతికీ చక్రాలు రెండు డిగ్రీలు తిరుగుతాయి. 60 స్పీడులో సెకనుకి 16 మీటర్లు పైనే పోతావు. ఆలోచించుకో.

అదే బాక్సు కూడా ముందు, కన్ను వైపే ఉంటే? రెండూ ఒకే దిక్కు జరుగుతాయి. తేడా 1.6 ఎంఎం, అంటే 0.6 డిగ్రీలు. మినీ లారీ చేసినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు.

దీన్నే బంప్ స్టీర్ అంటారు. వెల్డింగు విరిగితే ఒక్కరోజు చంపుతుంది, ఇది రోజూ చంపుతుంది.

కోట_జంక్షన్ | సోమవారం రాత్రి 9:03

బాబాయ్ తలుపుల లెక్క చదివాక నేను మా ఇంటి బీరువా తలుపులు రెండూ పట్టుకుని చూశాను. మా ఆవిడ ఏం వెతుకుతున్నావని అడిగింది.

మెకానికల్_మూడో_ఏడు | సోమవారం రాత్రి 9:30

సార్, ఒక సందేహం. మా సిలబస్‌లో స్టీరింగ్ అంటే ఎక్కర్‌మన్ మాత్రమే చెప్పారు. అన్న బండికి అది సరిపోతుందా? వీల్‌బేస్ మారింది కదా?

ఓహాయో_బొబ్బిలి | మంగళవారం ఉదయం 6:02

మంచి ప్రశ్న. మలుపులో లోపలి చక్రం బయటిదానికంటే ఎక్కువ తిరగాలి, లేకపోతే టైరు ఈడ్చుకుపోతుంది. ఇది మోటారు కారు కంటే పాత సంగతి. మ్యూనిక్‌లో గుర్రబ్బళ్లు చేసే లాంకెన్‌స్పెర్గర్ కనిపెడితే, లండన్‌లో ఎక్కర్‌మన్ అనే ఆయన 1818లో తన పేరున పేటెంటు తీసుకున్నాడు. పని ఒకరిది, పేరు ఒకరిది. మన నాటుబండికి ఈ బాధ లేదు, రెండే చక్రాలు కదా.

తమ్ముడి విషయంలో రెండు చక్రాల్నీ కలిపే టై రాడ్డు, దాని ఆర్ములు లారీవే ఉన్నాయి. ఆర్ముల గీతలు పొడిగిస్తే వెనక ఇరుసు మధ్యకి దగ్గర్లో కలిస్తే చాలు. వీల్‌బేస్ ఒక జానెడు మారితే మెల్లగా తిరిగే బండికి ప్రాణం పోదు. బంప్ స్టీర్ ముందు చూసుకో.

చీపురుపల్లి_చిన్నోడు | బుధవారం రాత్రి 10:50

బాబాయ్ లెక్క నిజమా కాదా అని ఇవాళ కొలిచాను. నమ్మక కాదు, చూడాలనిపించింది.

ముందు చాసిస్ మీద ధాన్యం బస్తాలు వేశాను. మిల్లు కదా, బస్తాలకి కొదవ లేదు. ఎనిమిది బస్తాలు వేసినా 20 ఎంఎం కూడా దిగలేదు, లారీ కమాన్లు మరి. బస్తాలు దించేసి, కమాన్ల ఆకులు విప్పి మెయిన్ ఆకూ రెండోదీ మాత్రం ఉంచాను. స్టీరింగుని తాడుతో సీటు ఫ్రేముకి కట్టేశాను. చక్రం తీసేసి డ్రమ్ముకి 600 ఎంఎం అల్యూమినియం పట్టీ అడ్డంగా బిగించి, దాని కొస కింద నేల మీద సుద్దముక్కతో గీత గీశాను. జాకీతో ఇరుసుని 10 ఎంఎం చొప్పున లేపుతూ గీతలు గీసుకుంటూ పోయాను.

50 ఎంఎం లేచేసరికి పట్టీ కొస 21 ఎంఎం పక్కకి జరిగింది. అంటే రెండు డిగ్రీలు. స్టీరింగు అంగుళం కూడా కదల్లేదు, చక్రం దానంతటదే తిరిగిపోయింది. మా నాన్న పక్కనే నిలబడి చూసి, దీనికి దెయ్యం పట్టిందేటిరా అన్నాడు.

ఇప్పుడేం చేయమంటారు? కమాన్లు తిప్పేసి, పిన్ను వెనక్కి, షాకిల్ ముందుకి పెట్టేయనా?

సాలూరు_లారీ | బుధవారం రాత్రి 11:10

తిప్పొచ్చు గానీ షాకిల్ ముందుంటే గోతిలో పడ్డప్పుడు దెబ్బ నేరుగా నడుం మీద పడతాది. మన రోడ్లకి అది బాగోదు. పైగా నువ్వు ఎల్డింగ్ చేసిన బ్రాకెట్లన్నీ మళ్లీ కొయ్యాల.

బాక్సుని దాని పుట్టింటికి పంపీ. లారీలో ఎక్కడుండేదో అక్కడే, ఇరుసు ముందు. అప్పుడు ఒరిజినల్ ఆర్మ్ ఒరిజినల్ పొడవులోనే సరిపోతాది. నువ్వు కోసింది పారీ, అలాటిదే ఇంకోటి కొను. ఆ మినీ లారీ ఆర్ములు పాత సామాన్ల కొట్టుల్లో బోలెడు. కొనీముందు పిన్ను కన్నం కోలగా అయిపోయిందేమో, పళ్లు అరిగిపోయాయేమో చూసుకో.

చేత్తో చేసీ సరదా ఉంటే బ్రాకెట్లు చెయ్, షాఫ్టు చెయ్. ఆర్మ్ జోలికెల్లకు.

చీపురుపల్లి_చిన్నోడు | బుధవారం రాత్రి 11:24

బాక్సు అంత ముందుకి పోతే స్టీరింగు నుంచి దానికి ఒకటిన్నర మీటరు దూరం. మధ్యలో ఇంజను మౌంటు అడ్డం. షాఫ్టు నేరుగా పోదు మావా.

సిక్కోలు_లేత్_బాబాయ్ | గురువారం రాత్రి 9:15

నేరుగా పోకపోతేనే మంచిది. పాత బళ్లలో స్టీరింగు రాడ్డు బాక్సు నుంచి డ్రైవరు గుండె దాకా ఒకటే కడ్డీ. ముందు గుద్దితే బల్లెంలా వస్తుంది. అందుకే 1967 మోడళ్ల నుంచి జనరల్ మోటార్స్ వాళ్లు నలిగిపోయే కాలమ్ పెట్టారు. నీ షాఫ్టులో రెండు మూడు వంపులుంటే గుద్దినప్పుడు మడత పడుతుంది, గుచ్చుకోదు.

ఇక జాయింట్లు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. యూనివర్సల్ జాయింటు వంపులో తిరిగితే ఇవతల ఒకే వేగం ఇచ్చినా అవతల ఒకే వేగం రాదు. 30 డిగ్రీల వంపులో ఒకచోట 13 శాతం నెమ్మది, ఒకచోట 15 శాతం వేగం. స్టీరింగు తిప్పుతుంటే ఒకచోట బరువుగా, ఒకచోట జారిపోయినట్టుగా ఉంటుంది. 20 డిగ్రీలయితే ఆ తేడా ఆరు శాతానికి దిగుతుంది. అందుకే ఒకే జాయింటుతో పెద్ద వంపు తిప్పకు, రెండుగా పంచు. రెండిటి కోణం సమానంగా, ఒకే సమతలంలో ఉండాలి. మధ్య షాఫ్టు రెండు కొసల్లో ఉన్న యోకులు (జాయింటు చీలిక కొసలు) ఒకే వరసలో ఉండాలి. అప్పుడు మొదటిది చేసిన తప్పుని రెండోది దిద్దుతుంది. యోకులు అడ్డదిడ్డంగా పెట్టావా, రెండు తప్పులూ కలిసిపోతాయి.

నీకు మూడో జాయింటు కూడా పడుతుంది. దాన్ని దాదాపు సాపుగా ఉంచు. మూడు జాయింట్లున్న షాఫ్టు గాల్లో ఉంటే తాడులా ఊగుతుంది. మధ్యలో చాసిస్‌కి ఒక బేరింగు ఆసరా తప్పదు. గోళాకార బేరింగున్న రాడ్ ఎండ్ తెచ్చి చాసిస్‌కి నిలువుగా బిగించి, దాని కన్నంలోంచి షాఫ్టు పోనివ్వు. చవక, గట్టి.

షాఫ్టు పళ్లు నా లేత్ మీద రావు. మిల్లింగు కావాలి. గాజువాక ఆటోనగర్‌లో చేసేవాళ్లున్నారు, జాయింటు పట్టుకుపోయి దానికి సరిపడా తీయించు. జాయింటు మీద గ్రబ్ స్క్రూ (తలలేని బిగింపు స్క్రూ) ఉంటే షాఫ్టు మీద దాని కింద చిన్న గుంట డ్రిల్లు వేసి, స్క్రూ మీద లాక్ నట్ బిగించు. నున్నటి షాఫ్టు మీద స్క్రూ ఒత్తిడి ఒక్కటే నమ్ముకోకు.

చీపురుపల్లి_చిన్నోడు | గురువారం రాత్రి 9:40

బాబాయ్, డ్రాగ్ లింకు పొడవు కొంచెం మారుతుంది. పైపు కోసి రెండు కొసలా నట్లు అతికించి...

సిక్కోలు_లేత్_బాబాయ్ | గురువారం రాత్రి 9:44

మళ్లీ అతికించడమేనా!

28 ఎంఎం ఈఎన్8 ఉక్కు కడ్డీ తీసుకురా. రెండు కొసలా డ్రిల్లు వేసి ట్యాప్ కొట్టి ఇస్తాను. ఒక వైపు మామూలు మర, రెండో వైపు ఎడమ మర. కడ్డీ తిప్పితే పొడవు మారుతుంది, ఎలైన్‌మెంటుకి విప్పక్కర్లేదు. కొసలో పట్టే ఎండు (బాల్ జాయింటు) మందానికి ఒకటిన్నర రెట్లు తక్కువ కాకుండా మర లోపలికి పోవాలి. ఒక్క చుక్క వెల్డింగు ఉండదు. ఖర్చు కూడా నీ అతుకుల కంటే తక్కువే.

అరసవిల్లి_ఆర్సీ | శుక్రవారం ఉదయం 11:30

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. ఇంజినీరింగు అంతా బాగుంది, మరి రిజిస్ట్రేషన్ మాటేంటి?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణలో సెక్షన్ 182ఏ చేర్చారు: ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మీదసలు మార్చిన బండి కూడా కాదు, కొత్తగా పుట్టిన బండి. దానికి పూణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలో నమూనా పరీక్ష కావాలి, అది కంపెనీలకి తగ్గ ఖర్చు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ని బతిమాలితే అయ్యే పని కాదు. అంబాసిడర్ ఆర్సీ దీనికి తగిలించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

చీపురుపల్లి_చిన్నోడు | శుక్రవారం మధ్యాహ్నం 2:10

లేదండీ, రోడ్డెక్కించను. మిల్లు కళ్లం ఉంది, దాని వెనక మా జీడితోటలో కిలోమీటరు మట్టిబాట ఉంది. అంతవరకే.

సాలూరు_లారీ | శుక్రవారం మధ్యాహ్నం 2:25

జీడిచెట్టు కూడా గట్టిదే బాబూ. గుద్దితే రోడ్డా తోటా అని అడగదు.

చీపురుపల్లి_చిన్నోడు | రెండు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:20

ముందు పాత ఆర్మ్ సంగతి చెప్తాను. మావ మాట విని పారేయబోయాను గానీ, లోపల ఏముందో చూడాలనిపించింది. పైడిభీమవరం ఫ్యాక్టరీలో పనిచేసే స్నేహితుడొకడు పగుళ్లు పట్టే రంగు స్ప్రేలు తెచ్చాడు. మొదటి డబ్బాతో శుభ్రం చేశాం. రెండోది ఎర్ర రంగు, కొట్టి పావుగంట ఆగాం. గుడ్డతో తుడిచేశాక పైకి ఏమీ లేదు, తళతళా మెరుస్తోంది. మూడోది తెల్ల పొడి. అది కొట్టిన రెండు నిమిషాలకి వెల్డింగు అంచు వెంట, ఆర్మ్ వంపు లోపలివైపు, ఎర్రటి గీత తేలింది. వెంట్రుక మందం, పొడవు 14 ఎంఎం. నేను సుత్తితో కొట్టినప్పుడు వచ్చిందో, ముందునుంచీ ఉందో తెలీదు.

తర్వాత హ్యాక్సా బ్లేడుతో అతుకు మీదే అడ్డంగా కోశాం. పైన చుట్టూ కలిసింది. మధ్యలో బొటనవేలి గోరంత చోట రెండు ముక్కలూ కలవనే లేదు. మొదట ఆర్మ్‌ని కోసినప్పుడు పడిన రంపపు గీతలు అలాగే ఉన్నాయి, కనీసం నల్లబడలేదు. ఆ చేప పొలుసులన్నీ పైపైనే. ఫొటో పెట్టాను, దగ్గరగా చూడండి.

కోట_జంక్షన్ | ఆదివారం రాత్రి 8:26

నల్ల రంగు కొట్టమన్నది నేనే. ఆ పోస్టు తీసెయ్యొచ్చా?

సిక్కోలు_లేత్_బాబాయ్ | ఆదివారం రాత్రి 8:31

ఉంచు. తర్వాత వచ్చినవాళ్లు చదువుకుంటారు.

చీపురుపల్లి_చిన్నోడు | ఆదివారం రాత్రి 9:05

ఇక కొత్త పని. బాక్సుని ఇరుసు ముందుకి తెచ్చాను. 10 ఎంఎం ప్లేటుతో బ్రాకెట్, కింద త్రికోణం ముక్కతో ఆసరా. చాసిస్ పైపులో బోల్టులు పోయే చోట లోపల చిన్న పైపులు దూర్చి రెండు వైపులా అతికించాను, బిగిస్తే చాసిస్ నొక్కుకుపోకుండా. బోల్టులు 10.9 గ్రేడువి. మా తమ్ముడు నిలబడిన బండిలో స్టీరింగు బలంగా తిప్పుతుంటే నేను కింద పడుకుని బ్రాకెట్ మీద వేలు పెట్టి చూశాను. మొదటిసారి ప్లేటు ఊపిరి తీసుకుంటున్నట్టు కదిలింది. ఇంకో ఆసరా ముక్క వేశాక ఆగింది.

ఎండ్లు కొనేటప్పుడు ఒక పొరపాటు. కంటికి ఒకేలా ఉన్నాయని వేరే బండివి తెచ్చాను. బాబాయ్ ఫోనులో చెప్పినట్టు పిన్నుకి కాటుక రాసి కన్నంలో పెట్టి ఒకసారి నొక్కి తీశాను. అమ్మ కాటుక డబ్బా అది, ఇంకా అడుగుతూనే ఉంది. కాటుక పైన ఒక ఉంగరంలా మాత్రమే అంటింది, కిందంతా ఖాళీ. టేపరు (పిన్ను వాలు) వేరే. నట్టు బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది గానీ పిన్ను లోపల ఆడుతూ ఉంటుంది. మార్చి అసలువి తెచ్చాను. ఇప్పుడు పిన్ను చుట్టూ, పొడవునా ముప్పావు వంతుకి పైగా కాటుక అంటుతోంది.

సాలూరు_లారీ | ఆదివారం రాత్రి 9:18

కాటుక బాగుంది. మేం గ్రీజు మసి రాసీవోళ్లం.

స్ప్లిట్ పిన్నుల కాడ జాగ్రత్త. నట్టు గాడి పిన్ను కన్నానికి ఎదురు రాకపోతే నట్టు వెనక్కి తిప్పకు. ఎప్పుడూ ముందుకే బిగించి తరవాత గాడికి తే. పాత పిన్ను మళ్లీ వాడకు. అన్నట్టు బాక్సు సెంటరు చూసావేటి?

చీపురుపల్లి_చిన్నోడు | ఆదివారం రాత్రి 9:25

చూశాను మావా. ఈ కొస నుంచి ఆ కొసకి నాలుగున్నర చుట్లు. రెండుంబావు దగ్గర ఆపి, చక్రాలు నేరుగా పెట్టి, అప్పుడు ఆర్మ్ పళ్లల్లో కూర్చోబెట్టాను. అక్కడే ప్లే (వదులు) అన్నిటికంటే తక్కువుంది.

ఓహాయో_బొబ్బిలి | సోమవారం ఉదయం 5:50

శభాష్. సుద్ద గీతల పరీక్ష మళ్లీ చేశావా?

చీపురుపల్లి_చిన్నోడు | సోమవారం రాత్రి 10:02

చేశాను అన్నా. అవే ఆకులు, అదే పట్టీ, అదే 50 ఎంఎం. కొస 21 జరిగేది ఇప్పుడు 7. మా నాన్న దెయ్యం దిగిపోయిందన్నాడు.

ఈ సాయంత్రం కళ్లంలో తోలాను. మొదటి గేరు, రెండో గేరు. ధాన్యం ఆరబోసిన చోట తప్పించి చుట్టూ మూడు రౌండ్లు. మలుపులో స్టీరింగు ఒకచోట బరువు, ఒకచోట తేలిక అని ఏమీ లేదు. గట్టు మీద ముందు చక్రం ఎక్కించి దించాను, స్టీరింగు చేతిలో ఉలకలేదు.

ఒక్కటే చిక్కు. హారన్ మోగడం లేదు. బటన్ దగ్గర వైరు సరిగ్గానే ఉంది, హారన్‌కి నేరుగా బ్యాటరీ పెడితే మోగుతోంది. సాయంత్రం నుంచీ వెతుకుతున్నాను.

సాలూరు_లారీ | సోమవారం రాత్రి 10:09

బాక్సు కాడ రబ్బరు కప్లింగ్ ఉంచావు గదా. బటన్ నొక్కితే ఎర్తు షాఫ్టు మీంచి బాక్సుకి దిగాల. రబ్బరు కాడ ఆగిపోతన్నాది. దాని ఈ పక్క నుంచి ఆ పక్కకి చిన్న ఎర్తు తీగ ఏసావేటి?

చీపురుపల్లి_చిన్నోడు | సోమవారం రాత్రి 10:11

లేదు మావా.

టార్చి పట్టుకుని షెడ్డుకి పోతున్నాను.